ఉలికి ఆడా మగా ఉందా?

వడ్రంగి మేస్త్రీలు నలుగురు ఒకచోట కలిస్తే ఈమధ్య చేసిన పనుల గురించే మాట్లాడుకుంటారు. ఫలానా వీధిలో బిగించిన టేకు తలుపు, గీకి మళ్ళీ పాలిష్ పెట్టిన పాత పందిరిమంచం, చెదలు తిన్న ద్వారబంధాన్ని గోడ పగలకుండా మార్చిన ఉపాయం. ఇప్పుడైతే జేబులోంచి ఫోను తీసి, ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా అయిందో ఫొటోలు కూడా చూపిస్తారు. వీటిని ఉత్త గొప్పలని కొట్టిపారెయ్యలేం. చేతిపని చేసేవాళ్ళకి ఇదే బడి, ఇదే బజారు. ఒకరి ఉపాయం ఇంకొకరు నేర్చుకునేది ఇక్కడే, రేపటి పని దొరికేదీ ఇక్కడే. ఆ ఫొటోలో తలుపు అద్దంలా మెరుస్తూ ఉంటుంది. నాలుగు రోజులు గొంతుక్కూచుని దాన్ని గరుకు కాగితంతో రుద్దిన ఆడమనిషి మాత్రం ఫొటోలోనూ ఉండదు, మాటల్లోనూ ఉండదు.

"ఇది నేను చేశాను" అని చెప్పుకోవడం పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ చేతివృత్తుల్లో కూలి రేటూ, తర్వాతి పనీ, బ్యాంకు అప్పూ, ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డూ అన్నీ ఆ ఒక్క మాట నుంచే పుడతాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే చెక్క మీద, అదే గోడ మీద పని చేస్తున్న స్త్రీలకి ఆ మాట అనుకునే వీలు లేకుండా పోయింది. ఎలా పోయింది? ఎవరికి లాభించింది? మనం అడగాల్సింది ఇదే.

అలికితే చాకిరీ, రంగేస్తే వృత్తి

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అన్నారు. ఇంటిని బాగుచేసుకునే బాధ్యత ఎవరిదో ఈ సామెతే ఒప్పుకుంటోంది. మట్టి ఇళ్ళని ఏటేటా నిలబెట్టింది ఆడవాళ్ళే. వానలు వెలిశాక గోడల బీటలు మెత్తడం, పేడతో నేల అలకడం, సంక్రాంతి ముందు సున్నం కొట్టడం, ధాన్యం పోసే గాదెకి మట్టి పూత పూయడం వాళ్ళ పనే. మన్ను ఎంత, పేడ ఎంత, పొట్టు ఎంత కలిపితే గోడ పగలకుండా ఉంటుందో వాళ్ళకి చేతి లెక్క. ఇవాళ ఈ పనుల్నే ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, పెయింటింగ్ అంటున్నాం. ఆనాడు దానికి ఒక్క పైసా కూలి లేదు. అది "ఇంటిపని".

మట్టిగోడ పోయి సిమెంటు గోడ వచ్చింది. సున్నం పోయి డిస్టెంపరు, ఎమల్షను వచ్చాయి. పనికి డబ్బు వచ్చింది. డబ్బుతో పాటే పని మగవాడి చేతికి మారిపోయింది. తరతరాలుగా గోడలు మెత్తిన చేతికి ఇప్పుడు తట్ట ఇచ్చారు, తాపీ మాత్రం ఇవ్వలేదు. వంట సంగతీ ఇంతే కదా! ఇంట్లో పొయ్యి దగ్గర ఉన్నంతకాలం అది ఆడదాని ధర్మం. పెళ్ళి విందుకి కూలి మాట్లాడుకునేసరికి వంటమేస్త్రీ మగవాడు. కాబట్టి "ఆడవాళ్ళకి ఈ పనులు కొత్త" అని ఎవరన్నా అంటే నమ్మకండి. పని పాతదే, కూలి ఇవ్వడమే కొత్త.

హెల్పర్ అంటే ఎవరు?

చెక్కపనిలో, పాత సామాను బాగుచేసే పనిలో, రంగుల పనిలో స్త్రీలు లేరా? ఉన్నారు. పాత రంగు గీకేది, చెక్కని రుద్దేది, మేకు గుంతల్లో లప్పం నింపేది, మొదటి పూత పూసేది, మేస్త్రీ వెళ్ళిపోయాక నేల మీది మరకలు తుడిచేది చాలా చోట్ల వాళ్ళే. ఈ పనులన్నిటికీ కలిపి కాంట్రాక్టరు పుస్తకంలో ఒకటే పేరు: హెల్పర్.

రుద్దడంలో నైపుణ్యం లేదంటారు. ఉందో లేదో చూద్దాం. గరుకు కాగితానికి నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నబడుతుంది. 80తో మొదలుపెట్టి 120, 180, 220 అలా వరసగా పోవాలి. మధ్యలో ఒకటి దాటేస్తే ముందరి గీతలు పోవు. చెక్క నార ఎటు సాగిందో అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే అప్పటికి తెలియదు, పాలిష్ పడ్డాక ప్రతి గీతా బయటపడుతుంది. అంచుల దగ్గర ఎక్కువ రుద్దితే మూలలు అరిగిపోతాయి. లప్పం తడిగా ఉండగా రుద్దితే గుంత పడుతుంది. వానాకాలంలో ఎంతసేపు ఆరనివ్వాలో చేత్తో తడిమి చెప్పాలి. తలుపు అందం సగం ఇక్కడే తేలిపోతుంది. పాలిష్ పెట్టే మేస్త్రీకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే చెయ్యి తిరిగిన ఆడమనిషిని వదులుకోడు. కూలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "రుద్దడమే కదా!"

కొండపల్లి బొమ్మల్ని చూడండి. తెల్ల పొణికి కర్రని ఆరబెట్టి, సెగ చూపించి తడి పోగొట్టి, చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన ముద్దతో అతికి, సున్నపు పూత వేసి, మేకవెంట్రుకల కుంచెతో రంగులు వేస్తారు. చెక్కేది మగవాళ్ళూ, రంగులు దిద్దేది ఆడవాళ్ళూ కావడమే అక్కడ ఎక్కువగా కనిపించే పద్ధతి. కొనేవాళ్ళ కళ్ళు ముందు పడేది రంగు మీదే. కానీ "కళాకారుడు" అన్న మాట ఉలి పట్టిన చేతికే ముందు దక్కుతుంది. కుంచె పట్టిన చెయ్యి ఆయనకి "సాయం".

చట్టం ఏమంటోంది? 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. 2019 నాటి వేతనాల కోడ్ దాన్ని తనలో కలిపేసుకుంది. ఆ కోడ్‌ని 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చారు. పాత చట్టంలోనూ కొత్త కోడ్‌లోనూ ఉన్నది ఒకటే: ఒకే పనికి, లేదా అదే స్వభావం గల పనికి, ఆడామగా భేదం లేకుండా ఒకటే వేతనం. చూడ్డానికి బాగానే ఉంది. కానీ నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత సమానమైతేనే అది "అదే స్వభావం గల పని". ఇక ఎగ్గొట్టే దారి దొరికినట్టే. ఆయన్ని "నిపుణుడు" అనీ ఆమెని "హెల్పర్" అనీ రాసేస్తే రెండూ వేరు వేరు పనులైపోతాయి. చట్టాన్ని ఉల్లంఘించకుండానే తక్కువ కూలి ఇవ్వొచ్చు. దోపిడీ అంతా కూలి ఇచ్చేటప్పుడే జరుగుతుందనుకుంటాం. అంతకు ముందే, పనికి పేరు పెట్టేటప్పుడే జరిగిపోతోంది.

ఇంకో సంగతి. ఇళ్ళ మరమ్మతులు ఎక్కువగా చిన్న పనులు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం మరమ్మతుల్ని కూడా నిర్మాణ పనిగానే గుర్తించింది. కానీ ఎవరైనా సొంత ఇంటికి చేయించుకునే పని ఖర్చు 10 లక్షలు దాటకపోతే వర్తించదంది. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ ఆ హద్దుని 50 లక్షలకి పెంచింది. ఇదీ 2025 నవంబరు 21 నుంచే అమల్లోకి వచ్చింది. 50 లక్షల లోపు సొంతింటి పని చట్టం లెక్కలో నిర్మాణ పనే కాకుండా పోతే, తలుపు రుద్దే స్త్రీ, గోడ గీకే స్త్రీ ఏ లెక్కలోకి వస్తుంది?

దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి?

తక్కువ కూలి పనే ఎక్కువ ప్రమాదం పని కూడా. చెక్క పొడి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే ప్రకటించింది. ముఖ్యంగా ముక్కులోనూ, ముక్కు పక్కనుండే గాలి గదుల్లోనూ వచ్చే క్యాన్సర్లు. ఇక పాత రంగు సంగతి. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు దాటకూడదని మన దేశంలో 2016లో నియమం చేశారు. అది 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంటే అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎంతైనా ఉండొచ్చు. ఆ రంగులు ఎక్కడికీ పోలేదు. పాత కిటికీల మీద, తలుపుల మీద, గ్రిల్సు మీద పొరలు పొరలుగా ఉన్నాయి. కొత్త రంగు వేసే ముందు వాటిని గీకేది ఎవరు?

సీసం ఒంట్లో చేరితే రక్తహీనత వస్తుంది, నరాలు దెబ్బతింటాయి. గర్భిణి ఒంట్లోంచి బిడ్డకి చేరుతుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. పనిచోట పిల్లల్ని చూసే ఏర్పాటు లేక తల్లి బిడ్డని వెంట తెచ్చుకుని, పక్క గదిలో చీరతో ఉయ్యాల కట్టి, ఇటు పొడి రంగు గీకుతుంది. ఆ దుమ్ము ఉయ్యాలలోకి పోదా? ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే చాలంటారు. సన్నటి దుమ్ముని కొంగు ఆపలేదు. నీళ్ళు చల్లి తడిపి గీకాలి. మంటతో కాల్చి తీయకూడదు. దుమ్ముని వడగట్టే మాస్కు ఇవ్వాలి. బిడ్డని ఎత్తుకునే ముందు చేతులు కడుక్కోవడానికి నీళ్ళూ సబ్బూ ఉండాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. హెల్పర్ ప్రాణానికి ఆ మాత్రం ఖర్చు కూడా దండగ అనుకోవడమే అసలు రోగం.

ఆస్తిలో వాటా సరే, విద్యలో వాటా?

ఉలి తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వస్తుంది. కులవృత్తి అన్నప్పుడల్లా మనం వినేది తండ్రీకొడుకుల కథే. కూతురు అదే కొట్టంలో పుట్టి, రంపపుపొట్టులో ఆడుకుని, చిత్రిక శబ్దం వింటూ పెరుగుతుంది. ఏ కర్రకి ఏ ఉలో ఆమెకి తెలియకుండా ఉంటుందా? అయినా ఆమెకి నేర్పరు. "ఆడపిల్ల అంటే ఆడ పిల్ల, ఈడ పిల్ల కాదు" అంటారు. నేర్పిన విద్య అత్తారింటికి పోతుందని భయం. అత్తారింట్లో భర్తది అదే వృత్తి అయినా అక్కడా ఆమె పని అందించడమే. పుట్టింటి విద్య చేతికి రాదు, మెట్టినింటి విద్యలో పేరు రాదు.

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. 2005లో కేంద్రం కూడా చట్టాన్ని సవరించింది. ఆ హక్కు కోసం స్త్రీలు ఇప్పటికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. అది తప్పక చేయాల్సిన పోరాటమే. కానీ భూమీ ఇల్లూ లేని చేతిపనివాళ్ళ ఇళ్ళలో పంచుకోవాల్సిన ఆస్తి ఏమిటి? ఆ విద్యే కదా! దానిలో వాటా ఇమ్మని ఏ చట్టమూ చెప్పదు. ఇది కులం గోడ కూడా. ఒక కులం మగవాళ్ళ దగ్గరే విద్య ఉండిపోతే, ఆ కులం స్త్రీలకీ అందదు, సిమెంటు తట్టలు మోసే దళిత స్త్రీకి అసలే అందదు.

ఇంటికి ఒక్కరే విశ్వకర్మ

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. వడ్రంగి, తాపీపని, బొమ్మల తయారీ సహా 18 వృత్తులకి వర్తిస్తుంది. గుర్తింపు కార్డు, రోజుకి 500 రూపాయల భత్యంతో శిక్షణ, పనిముట్ల కోసం 15,000 రూపాయలు, రెండు విడతల్లో 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తామంది. కాగితం మీద స్త్రీలకి అడ్డు లేదు. కానీ ఒక నియమం ఉంది: కుటుంబానికి ఒక్కరికే నమోదు. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు.

ఆ ఒక్కరు ఎవరవుతారు? భర్త చెక్కి భార్య రంగులేసే ఇంట్లో ఎవరి పేరు రాస్తారు? అడగక్కర్లేదు. పనికి రెండు జతల చేతులు కావాలి, కార్డు మాత్రం ఒక్కటే. ప్రభుత్వం "ఆడవాళ్ళు వద్దు" అని ఎక్కడా అనలేదు. ఆ పని మన ఇళ్ళకి వదిలేసింది. ఇంట్లో ఆ మాట అనడానికి కూడా ఎవరూ నోరు తెరవక్కర్లేదు, దరఖాస్తులో పేరు రాసేస్తే చాలు. రేపు ఆయన పోతే? తాగి పనిముట్లు అమ్మేస్తే? ఆమెని వదిలేసి వెళ్ళిపోతే? ఇరవై ఏళ్ళు బొమ్మలకి కళ్ళు దిద్దిన స్త్రీ "నేను వృత్తిదారుని" అని చూపించుకోవడానికి చేతిలో చిన్న కాగితం ముక్క కూడా ఉండదు.

ఎప్పుడూ వినే సాకులు

"చెక్కపని బరువు పని, ఆడవాళ్ళ వల్ల కాదు." ఒక ఇటుక సుమారు మూడు కిలోలు. ఎనిమిది ఇటుకలు తలమీద పెట్టుకుని నిచ్చెన ఎక్కుతున్న స్త్రీని రోజూ చూస్తూ ఈ మాట ఎలా అనగలుగుతున్నారు? ఉలి బరువు ఎంత? చిత్రిక బరువు ఎంత? బరువుని బట్టి పని పంచితే తట్ట మగవాడికీ రసమట్టం ఆడవాళ్ళకీ రావాలి.

"నేర్పుతామన్నా వాళ్ళే రారు." పని నేర్చుకునేది ఎప్పుడు? కూలి గంటలు అయ్యాక, మేస్త్రీ పక్కన కూచుని, టీ కొట్టు దగ్గర మాటల్లో. ఆ వేళకి ఆడమనిషి నీళ్ళ కోసం, పొయ్యి కోసం, పిల్లల కోసం ఇంటికి పరిగెత్తాలి. కుర్రవాడైతే రెండు మూడేళ్ళు చిల్లర డబ్బులకి మేస్త్రీ వెంట తిరుగుతాడు, ఇంట్లో అమ్మ అన్నం పెడుతుంది. అదే అమ్మకి ఎవరు పెడతారు?

"పరాయి ఇళ్ళలోకి వెళ్ళి పని చెయ్యాలి, అది ఆడవాళ్ళకి క్షేమం కాదు." పరాయి ఇళ్ళలో అంట్లు తోమడానికి లక్షలమంది ఆడవాళ్ళు వెళ్తున్నారే, అప్పుడు ఈ క్షేమం గుర్తుకు రాలేదేం? పైగా పగలంతా ఒంటరిగా ఉండే వృద్ధురాలు, పసిపిల్లతో ఉండే తల్లి, తలుపు గడియ బాగుచేయడానికి ఒక ఆడమనిషి వస్తే సంతోషించరా?

వేరే చోట్ల జరిగింది చూద్దాం. కేరళలోని త్రిశ్శూర్‌లో 1980ల చివర్లోనే మరుగుదొడ్లు కట్టే పని కోసం స్త్రీలకి తాపీపని నేర్పారు. అహ్మదాబాద్‌లో సేవా సంస్థ 2003లో నిర్మాణ కార్మికుల కోసం "కర్మిక" అనే శిక్షణా కేంద్రం పెట్టింది. జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ మరుగుదొడ్లు కట్టడానికి మేస్త్రీలు చాలక వేలమంది స్త్రీలకి పని నేర్పారు. రాజ్ మిస్త్రీ అన్న మాట పక్కన రాణీ మిస్త్రీ అన్న కొత్త మాట పుట్టింది. గమనించాల్సింది ఏమిటంటే, మగ మేస్త్రీలు దొరకని చోట, మరుగుదొడ్డి లాంటి పని ఉన్న చోటే తాపీ స్త్రీల చేతికి వచ్చింది. అవసరం పడితే నేర్పగలిగినవాళ్ళు, న్యాయం కోసం ఎందుకు నేర్పలేరు?

కుట్టు మిషను దాటి రండి

ఇప్పుడు స్వచ్ఛంద సంస్థల వైపు చూద్దాం. స్త్రీలకి ఉపాధి శిక్షణ అంటే డ్వాక్రా రోజుల నుంచీ అదే జాబితా: కుట్టుపని, ఎంబ్రాయిడరీ, పచ్చళ్ళు, అప్పడాలు, అగరుబత్తీలు, బ్యూటీ పార్లరు. ఇంట్లోంచి కదలక్కర్లేని పనులు, మగవాళ్ళతో పోటీ లేని పనులు, ఎవరికీ కోపం రాని పనులు. ఒకే ఊళ్ళో నలభైమందికి కుట్టు నేర్పితే జాకెట్టు కుట్టు కూలి పడిపోకేం చేస్తుంది? అదే ఊళ్ళో ఊడిపోయిన కిటికీ రెక్క బిగించడానికి మనిషి దొరకడు. దాతలకి పంపే నివేదికలో ఫొటో బాగుంటుందని ఎంచే పనులు కాకుండా, నాలుగు డబ్బులు వచ్చే పనులు ఎంచాలి. బర్మా, రంపం, మూలమట్టం పట్టించే శిక్షణ పెట్టాలి. మరమ్మతు పనికి పెద్ద కొట్టం అక్కర్లేదు, ఒక పెట్టెలో పట్టే పనిముట్లు చాలు.

సంఘాలుగా మనం పట్టుబట్టాల్సినవి ఇవి.

1. విశ్వకర్మ పథకంలో "కుటుంబానికి ఒక్కరు" నియమం పోవాలి. పని చేసే ప్రతి మనిషికీ కార్డు ఉండాలి. ఆ నియమం ఉన్నంతవరకు, ఇంకా నమోదు కాని ఇళ్ళలో స్త్రీ పేరే రాయించాలి. మొదటి పరిశీలన జరిగేది గ్రామ పంచాయతీలో, పట్టణాల్లో అయితే పురపాలక సంస్థలో. కాబట్టి ఒత్తిడి అక్కడే మొదలవ్వాలి.

2. రుద్దడం, లప్పం పెట్టడం, మొదటి పూత, పాలిష్, బొమ్మల రంగులు నైపుణ్యం గల పనులుగా కనీస వేతనాల జాబితాలో చేరాలి. "హెల్పర్" అనే గుడ్డి మాట పోవాలి.

3. సొంత ఇంటి పనికి పెట్టిన 50 లక్షల హద్దు తగ్గించాలి. మరమ్మతు కూలీలకి సంక్షేమ బోర్డు రక్షణ ఉండాలి.

4. పాత రంగు గీకేచోట నీళ్ళు, మాస్కు, పిల్లలకి వేరే చోటు ఉంటేనే పని మొదలుపెట్టాలి.

5. మన సంఘాల ఆఫీసుల్లో, హాస్టళ్ళలో తలుపు విరిగినా గోడ పెచ్చు ఊడినా ముందు పని నేర్చిన స్త్రీని పిలవాలి.

దీనికి ప్రభుత్వం కోసం ఎదురుచూడక్కర్లేని పని ఒకటుంది. వచ్చే సంఘ సమావేశంలో అప్పుల లెక్కల కంటే ముందు ఒక గంట పక్కన పెట్టండి. ప్రతి స్త్రీనీ ఈ నెలలో ఏ పని చేసిందో చెప్పమనండి. ఎవరి ఇంట్లో, ఎన్ని తలుపులు, ఎన్ని రోజులు, ఎంత కూలి. మొదట్లో "మేస్త్రీ చేశాడు, నేను అందించాను" అంటారు. ఏం అందించావో, ఏం రుద్దావో, ఏం పూశావో మళ్ళీ అడగండి. తేదీ వేసి పుస్తకంలో రాయండి. ఫోను ఉంటే ఫొటో తీయండి, ఆ తలుపు పక్కన ఆమెని కూడా నిలబెట్టి. రేపు పంచాయతీలో, కార్మిక శాఖలో, బ్యాంకులో "నీకు పని వచ్చని రుజువేమిటి" అని అడిగినప్పుడు ఆ పుస్తకం బల్ల మీద పెట్టొచ్చు.